పొగలోంచి కుక్కను బయటికి తెచ్చారు సరే, ఆ తర్వాత? ఫైర్, 108 సిబ్బందికి జంతువుల ప్రథమ చికిత్స నేర్పాలా?

మాధవి_మొగల్రాజపురం
పోయిన వారం మా పక్క బ్లాకులో మూడో అంతస్తులో ఏసీ దగ్గర షార్ట్ సర్క్యూట్ అయి ఇల్లంతా పొగ కమ్మేసింది. ఫైరింజన్ త్వరగానే వచ్చింది. ముందు మామ్మగారిని దించారు, ఆవిడ క్షేమం. తర్వాత ఒకాయన మళ్లీ లోపలికి వెళ్లి, మంచం కింద దూరిన వాళ్ల ల్యాబ్రడార్‌ని భుజాన వేసుకుని తెచ్చాడు. కింద ఉన్నవాళ్లమంతా చప్పట్లు కొట్టాం. కానీ కుక్కలో కదలిక లేదు, నాలుక వేలాడేసింది. తెచ్చినాయనే "దీనికి ఇప్పుడు ఏం చేయాలమ్మా, ఎవరికైనా తెలుసా?" అని అడిగాడు. ఒకరు మొహాన నీళ్లు కొట్టమన్నారు, ఒకరు ఉల్లిపాయ వాసన చూపించమన్నారు, ఇంకొకరు పాలు తేవడానికి పరిగెత్తారు. అదృష్టం బాగుండి దానంతట అదే దగ్గి లేచింది.

ప్రాణాలకు తెగించి పొగలోకి వెళ్లిన మనిషికి, ఆ తర్వాత రెండు నిమిషాలు ఏం చేయాలో ఎవరూ నేర్పలేదంటే నాకు చాలా బాధేసింది. ఫైర్, 108, పోలీసు అందరికీ ఇది నేర్పాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

బెజవాడ_బాచి
ముందు ఆ ఫైర్ అన్నకి ఒక దండం.

కృష్ణలంక_రాజు
కోపం తెచ్చుకోకండి మాధవి గారూ. మా నాన్నకి అర్ధరాత్రి గుండె నొప్పి వస్తే అంబులెన్సు కోసం రోడ్డు మీద నిలబడి ఎదురు చూసినవాణ్ణి నేను. మనుషులకే చాలని చోట కుక్కలకి, పిల్లులకి కూడా అంటే నా మనసు ఒప్పుకోదు. ఆ ఆక్సిజన్ సిలిండర్ కుక్కకి పెట్టిన ఐదు నిమిషాల్లో ఇంకో మనిషి వస్తే?

పిల్లుల_పద్మ
రాజు గారూ, మనిషిని వదిలేసి కుక్కని చూడమని ఆవిడ ఎక్కడ అన్నారు? మామ్మగారిని దించాకే కదా కుక్క కోసం వెళ్లింది.

మాజీ_ఈఎంటీ_గుంటూరు
ఇద్దరి మాటలోనూ న్యాయముంది. 108 మన ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. నేను తర్వాత చేరి చాలా ఏళ్లు బండి మీద పనిచేశాను. బండిలో పేషెంటు ఉంటే పక్కన ఏనుగు పడిపోయినా ఆగం, ఆగకూడదు కూడా. కాబట్టి రాజు తమ్ముడూ, నీ భయం నాకు అర్థమైంది.

కానీ ప్రతి పిలుపులోనూ మనిషికి దెబ్బ తగలదు. ఇల్లు కాలినా అందరూ బయటే ఉండొచ్చు. కారు గుద్దుకున్నా మనుషులకి గీతలే పడి, వెనక సీట్లో కుక్క కాలు విరిగి ఉండొచ్చు. అలాంటి చోట చేతులు ఖాళీగా పెట్టుకుని నిలబడటం మాకూ కష్టంగానే ఉంటుంది. రక్తం ఆపడం, ఎముక కదలకుండా కట్టడం, గొంతులో అడ్డం తీయడం మాకు ముందే వచ్చు. మూతి ఆకారం, ఛాతీ ఆకారం, కరిచే భయం, ఈ మూడూ తెలిస్తే చాలు. నా లెక్కన ఒక పూట క్లాసు.

ఓహాయో_తెలుగోడు
మాది పటమట, ఇప్పుడు ఉండేది కొలంబస్‌లో. ఇక్కడ సరిగ్గా ఇదే గొడవ నడిచింది. వెటర్నరీ లైసెన్సు లేకుండా జంతువుకి వైద్యం చేస్తే చట్టం ఒప్పుకోదు కాబట్టి, ఫైర్‌వాళ్లు కుక్కకి ఆక్సిజన్ పెట్టాలన్నా అప్పట్లో చిక్కే. 2016లో ఓహాయో రాష్ట్రం చట్టం మార్చింది. ఎమర్జెన్సీకి వెళ్లినచోట కుక్కకో పిల్లికో దెబ్బ తగిలితే, వెట్ చేతికి అప్పగించేలోపు ఆక్సిజన్ ఇవ్వొచ్చు, ముక్కులోకి ఊపిరి ఊదొచ్చు, రక్తం ఆపొచ్చు, కట్టు కట్టొచ్చు, విరిగిన ఎముక కదలకుండా చేయొచ్చు. కొలరాడో అంతకు ముందే, 2014లో ఇలాంటిది తెచ్చింది. రాజు గారు గమనించాల్సింది ఏంటంటే, ఇది అనుమతి మాత్రమే, బలవంతం కాదు.

మసాచుసెట్స్‌లో ఇంకో కథ. 2018లో అక్కడ ఒక పోలీసు అధికారిని కాల్చి చంపారు, ఆయన కుక్క నీరోకి కూడా తూటా తగిలింది. అంబులెన్సులో కుక్కని ఎక్కించడానికి అప్పటి చట్టం ఒప్పుకోలేదు. అది బతికింది కానీ జనం ఊరుకోలేదు. 2022లో దాని పేరు మీదే చట్టం వచ్చింది. ఆ సమయానికి అంబులెన్సు మనిషికి అవసరం లేకపోతే, గాయపడ్డ పోలీసు కుక్కని అందులో తీసుకెళ్లొచ్చు.

కృష్ణలంక_రాజు
"మనిషికి అవసరం లేకపోతే" అని రాసిపెట్టారుగా. అట్టా రాస్తే నాకు అభ్యంతరం లేదు.

బ్రాడీపేట_వకీలు
మన దగ్గర చట్టం సంగతి చెప్తాను. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం 30వ సెక్షను ప్రకారం రిజిస్టరైన పశువైద్యులే వైద్యం చేయాలి. డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్నవాళ్లు డాక్టరు పర్యవేక్షణలో చిన్న చిన్న సేవలు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వొచ్చు. రోడ్డు మీద కారుతున్న రక్తాన్ని గుడ్డతో అదిమిపెట్టడాన్ని ఎవరూ వైద్యవృత్తి అనరు. భయపడక్కర్లేదు. కానీ యూనిఫాం వేసుకున్న ఉద్యోగికి "ఇంతవరకు చేయొచ్చు, ఇది దాటొద్దు" అని ఒక ఉత్తర్వు చేతిలో ఉంటే ధైర్యం వేరు. రోడ్డు ప్రమాదంలో మనుషుల్ని కాపాడినవాళ్లకి మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షను రక్షణ ఇస్తోంది. జంతువుల్ని కాపాడినవాళ్లకి అలాంటి మాట ఎక్కడా స్పష్టంగా రాయలేదు. ప్రాణుల పట్ల దయ చూపడం రాజ్యాంగం 51ఎ లో మన ప్రాథమిక విధుల్లోనే ఉంది. దాన్ని ఆధారం చేసుకుని ఒక్క పేజీ జీవో తీయొచ్చు. నా వంతు ముసాయిదా నేను రాసిస్తాను, ఫీజు లేదు.

బెజవాడ_బాచి
లాయరు గారు ఫీజు లేదన్నారు, ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయండి.

ఆటోనగర్_వలీ
అసలు 1962 ఉందిగా? జంతువులకి అదే 108.

గన్నవరం_వెట్_విద్యార్థి
వలీ భాయ్, ఉంది, మంచి సేవ. మన రాష్ట్రంలో 2022లో మొదలైంది, రెండు విడతల్లో 340 బండ్లు వచ్చాయి. ఒక్కో బండిలో డాక్టరు, పారావెట్ అంటే డాక్టరుకి సహాయకుడు, డ్రైవరు కమ్ అటెండరు ఉంటారు. పశువుని ఎత్తడానికి లిఫ్టు కూడా ఉంది. కానీ దాని రూపమే పల్లెల్లో ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకల కోసం. ఊరి నడిబొడ్డున మూడో అంతస్తులో పొగ పీల్చిన కుక్కకి మొదటి ఐదు నిమిషాలు ముఖ్యం. అప్పుడు పక్కన ఉండేది ఫైర్‌వాళ్లే. 1962 నంబరు ఫోన్‌లో పెట్టుకోండి, అది వచ్చేలోపు ఏం చేయాలో కూడా తెలుసుకోండి.

మాధవి గారు చెప్పిన కేసుకి వస్తాను. పొగలో నిప్పు కన్నా కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం. ముందు గాలి తగిలే చోటికి తేవాలి. మెడపట్టీ బిగుతుగా ఉంటే తీసేయాలి. పక్కకి పడుకోబెట్టి మెడ కొంచెం చాపి, నాలుక బయటికి లాగి, నోట్లో ఏమైనా అడ్డముందేమో చూడాలి. ఊపిరి ఆడుతుంటే ఆక్సిజన్. మనుషుల మాస్కు కుక్క మూతికి అతకదు, పక్కల నుంచి గాలంతా పోతుంది. గరాటు ఆకారంలో, అంచున రబ్బరు ఉన్న మాస్కులు మూడు సైజుల్లో దొరుకుతాయి. అవి లేకపోతే ట్యూబు నేరుగా ముక్కు దగ్గర పట్టుకున్నా ఎంతో కొంత మేలు. పాలు, నీళ్లు నోట్లో పోయనే పోయొద్దు, స్పృహలో లేనిదానికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఉల్లిపాయ వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇంకో మాట. లేచి తోక ఊపింది కదా అని ఇంటికి తీసుకెళ్లిపోకూడదు. పొగ పీల్చిన ఊపిరితిత్తులు ఒకటి రెండు రోజుల తర్వాత కూడా వాచి ఇబ్బంది పెడతాయి. ఆ ల్యాబ్రడార్‌ని డాక్టరుకి చూపించారా?

మాధవి_మొగల్రాజపురం
చూపించారు తమ్ముడూ. మందులు వాడుతున్నారు, తింటోంది. నువ్వు చెప్పిన ఈ రెండు పేరాలు ప్రింటు తీసి మా నోటీసు బోర్డు మీద పెడతాను.

పిల్లుల_పద్మ
ఊపిరి ఆగిపోతే? యూట్యూబులో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

గన్నవరం_వెట్_విద్యార్థి
పిలిచినా కదలకుండా, ఊపిరి లేకుండా ఉంటే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ ఊపిరి ఊదడం, మొదలుపెట్టాలి. పక్కకి పడుకోబెట్టి, చాలా కుక్కలకి ఛాతీ బాగా వెడల్పుగా ఉన్నచోట రెండు చేతులు పెట్టి నొక్కాలి. డాబర్‌మ్యాన్ లాంటి లోతు ఛాతీ కుక్కలకి నేరుగా గుండె మీద. బుల్‌డాగ్ రకాలకి వెల్లకిలా పడుకోబెట్టి. పిల్లికి, చిన్న కుక్కపిల్లకి ఒక చేత్తోనే ఛాతీ చుట్టూ పట్టుకుని నొక్కొచ్చు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పక్కకి పడుకోబెట్టినప్పుడు ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా దిగాలి. 30 నొక్కులకి 2 ఊపిర్లు, నోరు మూసిపట్టి ముక్కులోంచి ఊదాలి. ఈ లెక్కలు రికవర్ అనే అంతర్జాతీయ మార్గదర్శకాల్లోవి. 2012లో వచ్చాయి, 2024లో సవరించారు. గుండె ఆగినదాన్ని బతికించడం వెట్ హాస్పిటల్‌లో కూడా కష్టమే, ఆ మాట దాచను. అయినా చేయాలి.

మాజీ_ఈఎంటీ_గుంటూరు
వేగం, 30కి 2 లెక్క మనుషులదే. అందుకే మావాళ్లకి త్వరగా వస్తుందన్నాను.

కొత్తపేట_గృహిణి
నేనొకటి అడగనా. దెబ్బ తగిలిన కుక్క దగ్గరికి వెళ్తే కరుస్తుందిగా? మా వీధిలో బండి కింద పడిన కుక్కని ఎత్తబోయి ఒకబ్బాయి చేయి చీల్చుకున్నాడు.

గన్నవరం_వెట్_విద్యార్థి
అవును అక్కా, నొప్పిలో పెంచిన యజమానినే కరుస్తుంది. చున్నీ గానీ గాయాలకి కట్టే బ్యాండేజీ గుడ్డ గానీ మూతి చుట్టూ తిప్పి చెవుల వెనక ముడేయాలి. వాంతి చేసుకుంటున్నా, ఊపిరి అందకపోయినా, పగ్ లాంటి చప్పిడి ముక్కుదైనా మూతి కట్టొద్దు. మందపాటి దుప్పటి కప్పి, చెక్క మీదకో గట్టి అట్ట మీదకో జరిపి ఎత్తండి. ఇంత జాగ్రత్తపడ్డా కరిస్తే సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం అద్దొద్దు. ఫైర్, పోలీసు సిబ్బందికి ఈ శిక్షణ ఇస్తే ముందస్తు రేబిస్ టీకాలు కూడా ఇవ్వాల్సిందే. వాళ్ల ఆరోగ్యం పణంగా పెట్టి మన పిల్లుల్ని కాపాడమని అడగలేం.

కృష్ణలంక_రాజు
ఈ మాట నాకు నచ్చింది.

సింగ్‌నగర్_సురేష్
2024 సెప్టెంబరులో బుడమేరు మా మీదకి వచ్చినప్పుడు మేం మొదటి అంతస్తులో ఇరుక్కుపోయాం. పడవ వచ్చింది. మా పక్కింటి పెద్దాయన "మా సీజర్ రాకపోతే నేనూ రాను" అని భీష్మించుకు కూర్చున్నారు. పడవలో కుర్రాళ్లు ఒక్క మాట అనకుండా కుక్కని కూడా ఎక్కించుకున్నారు. లేకపోతే ఆయన అక్కడే ఉండిపోయేవారు, ఆ మంచినీళ్లు లేని ఇంట్లో, ఆ వయసులో. రాజు గారూ, జంతువుని ఎక్కించుకోవడమంటే మనిషిని కాపాడటం కూడా. మా వీధిలో చాలామంది ఇంటినీ కుక్కనీ వదిలి రాలేక నీళ్లలోనే ఉన్నారు.

ఓహాయో_తెలుగోడు
సురేష్ గారి మాటకి నూరు మార్కులు. 2005లో కత్రినా తుపానప్పుడు న్యూ ఆర్లీన్స్‌లో ఇదే జరిగింది. పెంపుడు జంతువుల్ని వదిలి రామని చాలామంది ఇళ్లలో ఉండిపోయారు. ఆ మరుసటి ఏడాదే, 2006లో, ఖాళీ చేయించే ప్రణాళికల్లో పెంపుడు జంతువుల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని ఫెడరల్ చట్టం తెచ్చారు.

అవనిగడ్డ_మూర్తి
కుక్కలు పిల్లులు సరే, గొడ్ల సంగతీ చెప్పుకోండి. మాది దివిసీమ, ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మా నాన్న చెప్పేవారు, కట్టుతాళ్లతో ఉన్న పశువులు ఉన్నచోటే పోయాయని. నీళ్లు వస్తున్నాయంటే ముందు కట్లు విప్పేయాలి. గేదె ఈదుతుంది. ఈ ఒక్క మాట ప్రతి వాలంటీరుకీ, ప్రతి పోలీసుకీ తెలియాలి. దీనికి మాస్కూ అక్కర్లేదు, శిక్షణా అక్కర్లేదు, కొడవలి చాలు.

సింగ్‌నగర్_సురేష్
నిజం మూర్తి గారూ. ఇంకొకటి, వరద నీళ్లలో తిరిగిన కుక్కలకి ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది మనకీ అంటుతుంది. ఒళ్లు కడిగేటప్పుడు చేతులకి గ్లౌజులు వేసుకోమని మాకు అప్పుడు ఒక డాక్టరు చెప్పారు.

బెంజిసర్కిల్_బన్నీ
మీరంతా నిప్పు, నీళ్లు అంటున్నారు. మన బెజవాడలో అసలు శత్రువు ఎండ. రోహిణి కార్తెలో మా పగ్‌ని సాయంత్రం ఐదింటికి బయటికి తీసుకెళ్తే కుప్పకూలిపోయింది. సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ తన గొడుగు కిందకి రమ్మని, తన బాటిల్ నీళ్లు దాని పొట్ట మీద పోశాడు. ఆయనకి ఎవరు చెప్పారో గానీ సరిగ్గా అదే చేయాల్సింది అని డాక్టరు అన్నాడు.

గన్నవరం_వెట్_విద్యార్థి
ఆ కానిస్టేబుల్ గారికి నమస్కారం. కుక్క మామూలు ఒంటి వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 106 దాకా పోయిందంటే అవయవాలు దెబ్బతింటాయి. ముందు చల్లబరచాలి, తర్వాతే బండి ఎక్కించాలి. మామూలు చల్లటి నీళ్లు పొట్ట, చంకలు, పాదాల మీద పోస్తూ ఫ్యాను వేయాలి. ఐసుగడ్డలు వద్దు. తడి తువ్వాలు కప్పి అలాగే వదిలేయొద్దు, దాని కింద వేడి నిలిచిపోతుంది.

బెజవాడ_బాచి
వేడి చూడ్డానికి మా పిల్లి నోట్లో థర్మామీటరు పెట్టాలా డాక్టరూ?

గన్నవరం_వెట్_విద్యార్థి
నోట్లో కాదు బాచి అన్నా. రెండో వైపు. ఇద్దరు పట్టుకోండి.

పిల్లుల_పద్మ
పిల్లి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, దయచేసి అందరూ వినండి. జ్వరంగా ఉందని పిల్లికి పారాసిటమాల్ వేయకండి. పావు ముక్క కూడా వద్దు. పిల్లి శరీరం దాన్ని అరిగించుకోలేదు, రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది, ప్రాణం పోతుంది. మొన్న ఒక మెడికల్ షాపులో అబ్బాయి "చిన్న డోసు పర్లేదు మేడమ్" అన్నాడు. ఫైర్‌వాళ్ల కన్నా ముందు మందుల షాపులవాళ్లకి క్లాసు పెట్టాలి.

తాడేపల్లి_రైతు
మా వైపు పాముల బెడద. మా కాపలా కుక్కని రక్తపింజర కాటేసింది. ఊళ్లోవాళ్లు కోసి రక్తం పిండుదామన్నారు, తాడు కట్టమన్నారు. నేను ఒప్పుకోలేదు, ఎత్తుకుని ఆటోలో డాక్టరు దగ్గరికి పోయాను. మనుషులకి వాడే విషం విరుగుడు ఇంజెక్షనే వేశారు. కాలు వాపు చాన్నాళ్లు ఉంది, ఇప్పుడు మళ్లీ చేను కాస్తోంది.

గన్నవరం_వెట్_విద్యార్థి
మీరు చేసిందే సరి. కోయడం, పీల్చడం, తాడు బిగించడం మూడూ తప్పు. నడిపించకుండా మోసుకెళ్లాలి. మన దేశంలో దొరికే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది. పామును వెతుక్కుంటూ ఆలస్యం చేయొద్దు.

అరండల్‌పేట_అనిత
సంక్రాంతికి మా వీధిలో గద్ద కరెంటు తీగ దగ్గర మాంజాకి వేలాడింది. నైలాన్ మాంజా 2017లోనే హరిత ట్రిబ్యునల్ నిషేధించినా ఇంకా దొరుకుతూనే ఉంది. పిల్లలు కర్రతో లాగబోతే ఆపాను. 1912కి ఫోన్ చేసి కరెంటు తీయించాక, ఫైర్‌వాళ్లు నిచ్చెనేసి దింపారు. దారం లాగకుండా రెక్కకి దూరంగా కత్తిరించారు, నేను చిల్లులు పెట్టిన అట్టపెట్టె ఇచ్చాను. ఆ ఓపిక చూసి నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది. మనసు వాళ్ల దగ్గర ఉంది, సామాను, అనుమతి మనం అడిగి ఇప్పించాలి.

కృష్ణలంక_రాజు
సరే, నా మాట నేను సవరించుకుంటున్నాను. మనిషి ముందు అన్న షరతు రాతలో ఉండాలి. 108 బండి, అందులోని సిలిండరు జంతువుల కోసం అస్సలు వాడకూడదు. మాస్కులు, విడిగా చిన్న సిలిండరు ఫైరింజన్‌లో పెట్టండి. దీనికైతే చందా నేనూ ఇస్తాను.

మాజీ_ఈఎంటీ_గుంటూరు
అస్సలు అనకు తమ్ముడూ. ఖాళీ బండి పక్కనే ఉండి, ఇంకో పిలుపు లేకపోతే ఐదు నిమిషాలు ట్యూబు పట్టుకోవడంలో తప్పు లేదు. దీని దగ్గర నీకూ నాకూ కుదరదు, పర్లేదు. మిగతా అంతటికీ నేనూ సరే.

మాధవి_మొగల్రాజపురం
అయితే ఇలా చేద్దాం. మా అసోసియేషన్ తరఫున మూడు సైజుల మాస్కుల సెట్టు కొని, స్టేషన్ ఆఫీసరు గారిని కలిసి ఇవ్వడానికి అడుగుతాం. వకీలు గారు ముసాయిదా పంపితే పశుసంవర్ధక శాఖకి, అగ్నిమాపక శాఖకి రెండిటికీ అర్జీ పెడతాం. వెట్ తమ్ముడూ, మీ ప్రొఫెసరు గారిని అడిగి ఒక ఆదివారం మా సెల్లారులో క్లాసు చెప్పగలవా?

గన్నవరం_వెట్_విద్యార్థి
అడిగి చెప్తాను అక్కా. నేర్చుకోవడానికి బొమ్మలు తెస్తాం, ఎవరూ సొంత కుక్కల్ని తేవద్దు. బాగున్న కుక్క మీద సీపీఆర్ సాధన చేయకూడదు.

ఓహాయో_తెలుగోడు
ఇంకో చిన్న పని, ఖర్చు లేనిది. ఇక్కడ చాలా ఇళ్ల తలుపుల మీద "ఈ ఇంట్లో ఒక కుక్క, రెండు పిల్లులు ఉన్నాయి" అని స్టిక్కరు ఉంటుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ప్రమాదం జరిగితే లోపల ఇంకా ప్రాణాలున్నాయని ఫైర్‌వాళ్లకి తెలుస్తుంది.

పిల్లుల_పద్మ
ఇది బాగుంది. తలుపు మీద అతికించాలా, గేటు మీదా? మాది ఐదో అంతస్తు.

మాజీ_ఈఎంటీ_గుంటూరు
తలుపు మీద ఒకటి, కింద కరెంటు మీటర్ల బోర్డు దగ్గర ఫ్లాటు నంబరు వేసి ఇంకొకటి. కరెంటు తీయడానికి వచ్చినవాళ్ల కంట్లో పడుతుంది. జంతువు ఏ గదిలో పడుకుంటుందో కూడా రాయండి, పొగలో వెతకడం తగ్గుతుంది. పిల్లి చనిపోయినా, ఎవరికైనా ఇచ్చేసినా స్టిక్కరు పీకేయండి, లేని పిల్లి కోసం ఒక మనిషి పొగలోకి వెళ్లకూడదు.